తెర పగిలిన వేళ

తెర యనగా మనవారికి కప్పునది. పెండ్లి పీటలపై వధూవరుల నడుమ పట్టునది తెర. జీలకర్ర బెల్లము వేళ వచ్చినగాని అది తొలగదు. భాగవతుల ఆటలో వేషము ముందు నిలుచునది తెర. అది దిగినగాని రాజెవరో రాణి యెవరో తెలియదు. లాప్‌టాప్ వచ్చిన తరువాత ఈ మాటకు అర్థము తలక్రిందులైనది. ఇప్పుడు తెర కప్పునది కాదు, చూపునది. పాఠము దానిమీదనే, పరీక్ష దానిమీదనే, ఉద్యోగమునకు పిలుపును దానిమీదనే. ఆ తెర పగిలినచో విద్యార్థికి లోకమంతయు ఒక్కసారి మూతపడినట్లు తోచును.

ఆ కష్టము ఎంతటిదో తెలియుటకు మహానగరములు వెదకనక్కరలేదు. గోదావరి దక్షిణపు గట్టున నున్న మంథని చాలును.

పూర్వము కరీంనగరు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11 నుండి పెద్దపల్లి జిల్లాలో చేరిన ఈ పట్టణమునకు మంత్రపురి యనియు, మంత్రకూట మనియు పాత పేర్లు కలవు. వేదాధ్యయనమునకు పేరుగాంచిన ఊరు. గౌతమేశ్వరాలయము గోదావరి తీరముననే యున్నది. అచ్చటినుండి కొంత దూరము పోయినచో భూమి రంగే మారును. మట్టి దిబ్బలు, బొగ్గు లారీలు, సింగరేణి క్వార్టర్ల వరుసలు. అచ్చటి సెంటినరీ కాలనీలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి మంథని ఇంజనీరింగు కళాశాల 2010లో ఏర్పడినది. ఒక ప్రక్క వేదము, ఒక ప్రక్క బొగ్గు, నడుమ కంప్యూటరు. ఈ ప్రాంతపు విద్యార్థి ఈ మూడింటి నీడలో పెరుగుచున్నాడు.

అట్టి విద్యార్థి నొకనిని భావింపుడు. పేరు పెట్టనక్కరలేదు, ఏ వాడకు పోయినను అట్టివాడు కనిపించును. తండ్రి భూగర్భ గనిలో పనిచేయును. షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరుసరికి కనురెప్పల అంచున బొగ్గు కాటుకవలె నిలిచియుండును. తల్లి పొదుపు సంఘములో అప్పు తీసి కొడుకునకు లాప్‌టాప్ కొనిపెట్టినది. క్రొత్తది కాదు, ఎవరో వాడి అమ్మినది. అయినను అది ఇంటికి వచ్చిననాడు దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టినారు. ఇప్పుడతడు చివరి సంవత్సరములో నున్నాడు. ప్రాజెక్టు నివేదిక అప్పగించుటకు నాలుగు దినముల గడువున్నది. అర్ధరాత్రి దాటిన పిదప నిద్ర ఆపుకొనలేక లాప్‌టాప్ మూత మూసినాడు. మీటలపై మరచిన బాల్‌పెన్నును చూడలేదు. చిటుక్కున ఒక చిన్న సప్పుడైనది. అంతే.

తెల్లవారి మూత తెరచి చూచుసరికి తెర నడుమ సిరా ఒలికినట్లు నల్లని మచ్చ. దానినుండి నలుదిక్కులకు సాలెగూటి పోగులవంటి పగుళ్లు. కుడిప్రక్కన ఆకుపచ్చ, ఊదా రంగుల గీతలు పైనుండి క్రిందికి నిలువుగా దిగినవి. మిగిలిన ఎడమ మూలలో మాత్రము ఏవో నాలుగు అక్షరములు కనిపించుచున్నవి.

అప్పుడు కలుగు మొదటి దుఃఖము యంత్రమును గూర్చినది కాదు. ఇంట ఎట్లు చెప్పవలెను? అప్పు వాయిదాలు ఇంకను తీరలేదు. ఈ భయముచేతనే పలువురు విద్యార్థులు పగిలిన లాప్‌టాపును సంచిలో దాచి, రెండు మూడు దినములు ఏమియు జరుగనట్లు తిరుగుదురు. గడువు మాత్రము ఆగదు. నాలుగు దినములలో రెండు దినములు సిగ్గుకే పోవును. పగులు వలన కలిగిన నష్టముకన్న దాచుటవలన కలుగు నష్టమే ఎక్కువ.

2020లో కరోనా వ్యాధి వచ్చి విద్యాలయములు మూతపడినప్పుడు ఈ సంగతి రాష్ట్రమంతటికి తెలిసివచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి తెలంగాణ బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పిరి. ఇంట ఒకే ఫోను, ముగ్గురు పిల్లలున్నచోట ఎవరు ముందు చూడవలెనన్నదే పెద్ద తగవు. సంపన్నుని ఇంట తెర పగిలినచో ఇంకొక తెర యుండును. పేదవాని ఇంట పగిలినది ఒక్కటే అయినను, పోయినది అన్నియు.

మన విద్యార్థి ఆ సాయంకాలము షిఫ్టు దిగివచ్చిన తండ్రి ఎదుట నిలిచి నేల చూచుచు చెప్పినాడనుకొనుడు.

“బాపూ, లాప్‌టాప్ పల్గింది.”

తండ్రి చెంబులోని నీళ్లు త్రాగి, తుండుగుడ్డతో మొగము తుడుచుకొని అడుగు ప్రశ్న ఇట్లుండును.

“పల్గితే పల్గింది తియ్యి. లోపల నువ్వు రాసుకున్నది ఉన్నదా, పోయిందా?”

“ఏం తెలుస్తలేదు బాపూ. తెర కనవడ్తలేదు.”

“గనిల నెత్తి మీది లైటు బందయితే గని పోయినట్టా? లైటు పోతే లైటే పోయింది. ముందుగాల లోపలి సంగతి చూసుకో.”

ఇంజనీరింగు పుస్తకములు ఎన్ని చదివినను ఇంతకన్న సరియైన మాట దొరకదు. తెర కంప్యూటరు కాదు. అది కంప్యూటరునకు కిటికీ వంటిది. కిటికీ పగిలినంతమాత్రమున గాదెలోని ధాన్యము చెడదు. వ్రాసిన నివేదిక, కూర్చిన లెక్కలు, గీసిన పటములు అన్నియు వేరొక చోట, తెరతో సంబంధము లేని నిల్వలో భద్రముగా నుండును.

ఇంతకును ఆ తెర ఏమిటి? రెండు పలుచని గాజు పలకల నడుమ ఒక వింత పదార్థపు పొర. దానిని ద్రవస్ఫటికమందురు. నీటివలె పారును, స్ఫటికమువలె వరుస తప్పక నిలుచును. 1888లో ప్రాగు నగరమున ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెటు దుంపలనుండి తీసిన కొలెస్టరాలుతో చేసిన ఒక పదార్థమును కాచుచు, అది రెండు వేర్వేరు వేడిమి మట్టములలో రెండు మారులు కరగుట చూచి ఆశ్చర్యపడెను. ఆ మరుసటి సంవత్సరము, 1889లో, మన ఇల్లెందులో సింగరేణి బొగ్గు త్రవ్వకము మొదలైనది. రెండింటికి ఏ సంబంధమును లేదని నాడు ఎవరైనను చెప్పియుందురు. నేడు రామగుండమున బొగ్గు మండి పుట్టిన కరెంటుతో ఆ ద్రవస్ఫటికపు తెర వెలుగుచున్నది.

రైనిట్జరు చూచిన వింత ఎనుబది యేండ్లు ప్రయోగశాలలకే పరిమితమైనది. 1968లో అమెరికాలో జార్జి హైల్‌మైయరు బృందము దానితో అంకెలు చూపు పలకలను ప్రదర్శించినది. 1970లో స్విట్జర్లాండున మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిక్ అనువారు తక్కువ కరెంటుతో పనిచేయు పద్ధతిని కనుగొనిరి. ఈ విద్యలో భారతీయులకును పాలు కలదు. 1977లో బెంగుళూరు రామన్ పరిశోధనాలయమున ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు నాణెములవలె బిళ్లలుగా నుండు అణువులతో క్రొత్త జాతి ద్రవస్ఫటికములను కనుగొని లోకమునకు తెలిపిరి.

తెర పనిచేయు తీరు సిరిసిల్ల నేతగానికి చెప్పినచో వెంటనే అర్థమగును. ఈ గాజుమీద కంటికి కనిపించని తీగలు పడుగు పేకలవలె అల్లుకొనియుండును. సాధారణపు లాప్‌టాపు తెరలో నిలువు వరుసలు 1366, అడ్డు వరుసలు 768. అవి కలిసిన చోటులు 10,49,088. ప్రతి చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు గదులు. ఏ గదికి ఎంత కరెంటు అందినదో దానినిబట్టి లోపలి ద్రవస్ఫటికము మెలిక తిరిగి, వెనుకనుండి వచ్చు వెలుగును విడుచునో ఆపునో నిర్ణయించును. మగ్గముమీద ఒక పడుగు పోగు తెగినచో గుడ్డ పొడవునను గీత పడును గదా! తెరమీది నిలువు గీతయు అట్టిదే. అచ్చట ఒక తీగకు కరెంటు అందుట లేదు. నల్లని మచ్చ మాత్రము గాజు చిట్లి ద్రవము చెదరినచోటు. అది మరల అతుకుకొనదు; నొక్కినకొలది వ్యాపించును.

కనుక మొదటి జాగ్రత్త, దానిని వ్రేలితో నొక్కి చూడకుండుట. గాజు పెళ్లలు రాలుచున్నచో పైన పలుచని ప్లాస్టికు కాగితము అంటించుట మంచిది. రెండవది, చెడినది ఏదో తెలిసికొనుట. ఇందుకు వైద్యుని నాడీపరీక్ష వంటి కొన్ని పరీక్షలు కలవు. తెర చీకటిగా నున్నను టార్చిలైటు వేసి చూచినప్పుడు అక్షరములు మసకగా కనిపించినచో, బొమ్మ యున్నది, వెనుకటి దీపము మాత్రము పోయినది. మూతను ముందుకు వెనుకకు కదిపినప్పుడు బొమ్మ వచ్చుచు పోవుచున్నచో, కీలువద్ద వంగి వంగి తీగ నలిగియుండును. వేరొక తెరకు కలిపినప్పుడు బొమ్మ శుభ్రముగా వచ్చినచో, యంత్రము లోపల క్షేమము. తెర ఒక్కటే మార్చవలెను. అచ్చటను గీతలే కనిపించినచో వ్యాధి లోతుగా నున్నది.

వేరొక తెర ఎక్కడిది? చాలమంది ఇండ్లలో గోడమీద టీవీ కలదు. లాప్‌టాపు ప్రక్కనున్న హెచ్‌డీఎంఐ రంధ్రమునకు, టీవీ వెనుకనున్న అట్టి రంధ్రమునకు ఒక తీగ కలిపినచో చాలును. చాల యంత్రములలో బొమ్మ దానంతట అదే టీవీ మీదికి వచ్చును. రానిచో విండోస్ గుర్తుగల మీటను, ‘పి’ అక్షరపు మీటను కలిపి నొక్కి దారి చూపవలెను. అప్పుడు తల్లి చూచు సీరియలు ఆగి, ఆ స్థానమున కొడుకు ప్రాజెక్టు నివేదిక ప్రత్యక్షమగును. ఇల్లంతయు ఆ అక్షరములను చూచును. తండ్రికి ఆ ఇంగ్లీషు తెలియకపోవచ్చును. కాని కొడుకు రాత్రులు కూర్చుండి చేసిన పని ఎట్లుండునో ఆయన మొదటిసారి చూచుట ఆనాడే.

టీవీమీద బొమ్మ వచ్చిన వెంటనే చేయవలసిన పని నివేదిక పూర్తిచేయుట కాదు, నకలు తీయుట. ఒకటి పెన్‌డ్రైవులోనికి, ఒకటి తన మెయిలునకు, వీలైనచో ఇంకొకటి మిత్రుని యంత్రములోనికి. ఈ మాట మంథనికి క్రొత్తది కాదు. ఈ ఊరి వేదపాఠమే దీనికి ప్రమాణము. వేదము కాగితమును, ఆకును నమ్ముకొన్న విద్య కాదు. దానిని కంఠమున నిలుపుటకు పూర్వులు సంహిత, పదము, క్రమము, జట, ఘనము అని పాఠభేదములు ఏర్పరచిరి. ఘనపాఠమున రెండు పదములను ముందునుండి, వెనుకనుండి, మరల ముందునుండి చెప్పి, మూడవ పదమును చేర్చి మరల అట్లే త్రిప్పుదురు. ఒక్క పదమును పలుమార్లు పలువిధములుగా చెప్పుటవలన ఎక్కడ తప్పు దొర్లినను తక్కినవి పట్టియిచ్చును. ఒకరు మరచినను పదుగురి కంఠములలో నిలుచును. ఈ వేదపఠన సంప్రదాయమును 2003లో యునెస్కో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. నేటి కంప్యూటరు శాస్త్రజ్ఞులు సమాచారము చెడకుండుటకు అదనపు అంకెలు చేర్చి, నకళ్లు పలుచోట్ల నుంచి కాపాడుచున్నారు. దారులు వేరైనను సూత్రము ఒకటే: ఒక్కచోట నున్నది ఉన్నట్లు కాదు.

తాళపత్ర గ్రంథముల కాలమున వ్రాయసకాండ్రకును ఈ భయము కలదు. గ్రంథము ముగించి, నూనెనుండి, నీటినుండి, సడలిన కట్టునుండి, తెలివిలేని చేతులనుండి దీనిని కాపాడుడని చివర వేడుకొనుట వారికి ఆచారము. నేటి లాప్‌టాపునకును శత్రువులు వారే. నీరు తగిలినను కష్టము. కీలు సడలినచో మూత తెరను నలుపును. మరచిన పెన్నుమీద మూత మూసిన చేయి తెలివిలేని చేయియే. నీటి మాట మంథనికి వేరుగా చెప్పనక్కరలేదు. 2022 జూలైలో గోదావరి వరద పట్టణములోనికి వచ్చినప్పుడు ఇండ్లలోని కాగితములను అటుకలమీదికి చేర్చినవారికి అది తెలియును.

నకలు తీసి, గడువునకు నివేదిక అప్పగించిన తరువాత తెర మార్చు విషయము. సామాన్యముగా కంపెనీవారి హామీ తయారీ లోపములకే గాని, దెబ్బ తగిలి పగిలినదానికి వర్తింపదు. అందుచేత ఖర్చు ఇంటిమీదనే పడును. పాత యంత్రమునకు క్రొత్త తెర వేయించుట లాభమా, నష్టమా యని మొదట ఆలోచించుకొనవలెను. వేయింప నిశ్చయించినచో తెర వెనుక అంటించిన కాగితముమీది సంఖ్యను వ్రాసికొనవలెను. తెర కొలత, వరుసల లెక్క, తీగ తగిలించు చోట ముప్పది సూదులా నలుబది సూదులా అన్న సంగతి సరిపోవలెను. ఒక్కటి తప్పినను తెచ్చిన తెర వృథా. గోదావరిఖనిలో, కరీంనగరులో మరమ్మతు దుకాణములు కలవు. అచ్చట లేనిది సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో వెదుకుదురు. అచ్చటినుండి ఆర్టీసీ బస్సు పార్సెలుగా వచ్చును. తెర విప్పుటకు ముందు బ్యాటరీ తీగను ఊడదీయుట ఎరిగిన చేతికే పని అప్పగింపవలెను.

ఇచ్చట ఒక న్యాయపు ప్రశ్నయు కలదు. కొన్న వస్తువును బాగుచేసికొను హక్కు కొన్నవానికి ఉన్నదా, లేక అమ్మినవాని దయయేనా? విడిభాగములు దొరకకున్నను, విప్పు విధానము రహస్యమైనను పేదవాడు క్రొత్తది కొనవలసినదే. కేంద్రప్రభుత్వ వినియోగదారుల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘము నేర్పరచి, ఆ డిసెంబరులో కంపెనీల మరమ్మతు వివరములను ఒకచోట చేర్చు ఏర్పాటును ప్రారంభించినది. ఈ హక్కు ఊరి చివర ఇంటివరకు చేరినప్పుడే దాని విలువ. పగిలిన పాత తెరకును ఒక దారి కలదు. 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు అట్టి వస్తువులను చెత్తకుప్పకు గాక, శుద్ధిచేయువారికి చేర్చవలెనని చెప్పుచున్నవి.

తెరయే లేకుండ కంప్యూటరు నడచునా యని ఎవరైనను అడుగవచ్చును. లోకమున లక్షలాది అంధులు ప్రతిదినము నడుపుచున్నారు. తెరమీది అక్షరములను చదివి వినిపించు పరికరములు చిరకాలము మిక్కిలి ప్రియముగా నుండెను. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అను అంధ యువకుడు ఎన్‌వీడీఏ అనుదానిని ఉచితముగా ఇచ్చుటకై వ్రాయ మొదలుపెట్టెను. అంధుడే యగు ఆతని మిత్రుడు జేమ్స్ తే తోడయ్యెను. తెర నాలుగు దినములు లేదని కుమిలిన విద్యార్థి, తెరను చూడకయే పనిచేసిన ఆ ఇద్దరిని ఒకమారు తలచుకొనుట మంచిది. వారికి తెలిసినది ఒకటే: పని తెరమీద లేదు, తెర వెనుక నున్నది.

తెర వెనుకకు చూచిన పెద్దమనిషి యొకరు మంథనికి చిరపరిచితులు. 1957 నుండి 1977 వరకు మంథని నియోజకవర్గమునకు శాసనసభలో ప్రతినిధిగా నున్న పి.వి. నరసింహారావు తరువాత 1991లో ప్రధానమంత్రి అయ్యెను. ఆయన పలు భాషలు నేర్చినవారని ఎల్లరకును తెలియును. అరువది యేండ్లు దాటిన పిదప ఆయన కంప్యూటరును నేర్చి, మీటలు నొక్కుటతో తృప్తిపడక, దానికి ఆజ్ఞలు వ్రాయు భాషలను సైతము అభ్యసించెను. ఆ వయసున అది ఆయనకు జీవనాధారము కాదు. అయినను లోపలి సంగతి తెలియవలెనని తపన. నేటి మంథని కుర్రవానికి అదే యంత్రము ఇరువది యేండ్లలోపున, అప్పుమీద, కుటుంబపు ఆశలన్నిటిని మోసికొని వచ్చుచున్నది. అట్టివాడు తెర ముందు కూర్చుండుట మాత్రమే నేర్చినచో చాలదు.

విద్యాలయములు చేయదగిన పని యొకటి కలదు. సాయంకాలపు వేళ కంప్యూటరు గది తలుపు ఇంకొక రెండు గంటలు తెరచియుంచుట, యంత్రము చెడిన విద్యార్థికి రెండు దినముల గడువు పొడిగించుట, మొదటి సంవత్సరముననే నకలు తీయుటను, యంత్రమును విప్పి బిగించుటను నేర్పుట. వీనికి పెద్ద ధనము అక్కరలేదు. చెప్పుకొనుటకు సిగ్గుపడనక్కరలేదన్న ధైర్యము పిల్లవానికి కలుగును.

కొన్ని దినములకు క్రొత్త తెర వచ్చును. మచ్చ లేదు, గీత లేదు. మూత మూయుటకు ముందు మీటలమీద అరచేయి ఆనించి చూచుట ఆ విద్యార్థికి అలవాటగును. తల్లి మాత్రము ఆ పెన్‌డ్రైవును అతని చేతికి మరల ఇయ్యదు. రేషను కార్డు, పాసుబుక్కు, పదవ తరగతి మెమో ఉన్న ఇనుప పెట్టెలో, పాత గుడ్డముక్కలో చుట్టి దాచును. అందులో ఏమున్నదో ఆమెకు తెలియదు. కొడుకు చదువు అందున్నదని తెలియును. కావలసినప్పుడు అడిగి తీసికొమ్మని చెప్పును.